పరీక్షకు రాని రోజు

ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లి చేరిన పథికునకు, ఒకప్పుడు అరటితోటలును కూరగాయల మళ్లును విశేషముగ కన్పట్టిన ఈ కృష్ణాతీరమున, నేడు వడ్డేశ్వరము మొదలుకొని గుంటూరు వరకు కళాశాలల బస్సులు బారులు తీరి దర్శనమిచ్చును. బిడ్డను వీనిలో చేర్పించు తండ్రి ఫీజెంతయని అడుగును, హాస్టలెట్లున్నదని అడుగును. పరీక్షనాడు పిల్లవానికి జ్వరము వచ్చినచో ఏమగునని మాత్రము అడుగడు. ఆ ప్రశ్నకు సమాధానము నిబంధనల పుస్తకములో ముందే అచ్చయియున్నది గాని, దానిని చదువువారు అరుదు.

ఈ ప్రాంతపు ఇంజినీరింగు కళాశాలలు పెక్కింటికి ఆధారమైన కాకినాడ జె.ఎన్.టి.యు. పద్ధతిని చూడుడు. థియరీ సబ్జెక్టునకు ఇంటర్నల్ మార్కులు 30. సెమిస్టరునకు మిడ్ పరీక్షలు రెండు. ఎక్కువ మార్కులు వచ్చిన మిడ్‌నకు నూటికి 80 వంతులును, తక్కువ వచ్చినదానికి 20 వంతులును విలువ కట్టుదురు. ఒక మిడ్‌నకు రానివానికి దానిలో సున్న పడును. రెండవదానిలో ముప్పదికి ముప్పదియు తెచ్చుకొన్నను 24 మించి రావు. జ్వరమా, పెండ్లియా, బద్ధకమా యని ఎవ్వరును విచారింపరు. వెల ఆరు మార్కులు, అంతటితో సరి. సాకు చెప్పుకొను దైన్యమును తప్పించిన ఈ లెక్క నాకు దయగలదిగానే తోచును. ఇక అసైన్‌మెంటునకు ఆ ముప్పదిలో అయిదే మార్కులు గనుక, గడువు దాటినదానిని పుచ్చుకొనుట సాధారణముగ అధ్యాపకుని చిత్తము. అమెరికాలోని కళాశాలలలో దినమునకింత కోతయని సెమిస్టరు తొలినాడే కాగితముపై వ్రాసియిచ్చుట పరిపాటి. ఇచటినుండి వెళ్లిన మన పిల్లలకు ఆ బేరములేనితనము మొదట వింతగా నుండును.

పరీక్షాకేంద్రపు గేటు సంగతి వేరు. అర్ధగంట ఆలస్యముగ వచ్చినవానిని సైతము లోనికి రానిచ్చి, ఆ అర్ధగంట గడచువరకు లోనివారిని బయటికి పోనీయకుండుట విశ్వవిద్యాలయ పరీక్షలలో పాత ఆచారము; ప్రశ్నపత్రము చూచినవాడును చూడనివాడును గుమ్మమువద్ద ఎదురుపడకుండుటయే దాని మర్మము. సెల్‌ఫోను వచ్చిన పిదప ప్రశ్న గుమ్మము దాటుటకు మనిషి దాటనక్కరలేదు గనుక ఆ ఏర్పాటు చెడినది. ఇంటర్మీడియటు పరీక్షలలోను ప్రవేశపరీక్షలలోను, ఒక్క నిమిషమాలస్యమైనను లోనికి రానీయని ‘నిమిషం నిబంధన’ అవతరించినది. కారణము సమంజసమే, ఫలము క్రూరము. 2024లో తెలంగాణమున, ఆలస్యమై గేటునుండి వెనుదిరిగిన ఒక విద్యార్థి మరణించిన పిదపగాని, అచటి ఇంటర్మీడియటు బోర్డు అయిదు నిమిషముల వెసులుబాటు నీయలేదు. తప్పిన ఇంటర్ పరీక్షను ఆ యేటనే సప్లిమెంటరీలో వ్రాయవచ్చునన్న ఒక్క ముక్కను గేటువద్ద నిలిచినవారెవరైన వెనుదిరుగు పిల్లలకు చెప్పుచుండిన ఎంత బాగుండును!

వీనియన్నిటికంటె చిక్కైనది హాజరు. నూటికి 75 వంతులుండవలెను. 65కు తగ్గనిచో తగిన కారణము చూపి, కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కవచ్చును. అంతకు తగ్గినవాడు డిటెయిన్ అయి, అదే సెమిస్టరును మరుసటి యేట తన జూనియర్ల సరసన కూర్చుండి చదువవలసినదే. తగిన కారణమనగా ఆచరణలో వైద్యుని ధ్రువపత్రమే. కాని గుంటూరు, ప్రకాశం మెట్టప్రాంతములనుండి వచ్చిన రైతుబిడ్డ తరగతికి రాకపోవుటకు జ్వరమొక్కటే హేతువు కాదు: రెండవ సెమిస్టరు నడుచు ఫాల్గున చైత్రములే మిరపకోతల కాలము; కూలీలు దొరకరు, కల్లములో ఎండబోసిన కాయకు మబ్బు భయము, మిర్చి యార్డుకు సరుకు చేర్చు తొందర. ఆ పదిదినములును ఇంటికి పోయి తండ్రికి ఆసరాయైనవాడు, తిరిగివచ్చి, టైఫాయిడ్ వచ్చినదని చీటీ తెచ్చి ఆఫీసులో ఇచ్చును. అది నిజము కాదని గుమాస్తా యెరుగును, సంతకము చేయు ప్రిన్సిపాలును ఎరుగును. ఆటలపోటీకి పోయినవానికి హాజరు వేయు కళాశాలలకు, మిరపచేనికి పోయినవానికి తండ్రి వ్రాసియిచ్చిన చీటీని పుచ్చుకొనుటకు అడ్డమేమున్నదో విశ్వవిద్యాలయములవారే చెప్పవలెను.