ప్రశ్నోత్తర మర్యాద

తెలియని విషయమును తెలిసినవారి నడిగి తెలిసికొనుట విద్యార్థి ధర్మము. అడుగుటకు సిగ్గుపడువాడు తన సందేహమును చిరకాలము మోయవలసివచ్చును. అయితే అడుగుటకును, బదులు చెప్పుటకును కొన్ని మర్యాదలు కలవు. అవి పైపై వినయములు కావు. అవి లేనిచో విద్య ఒకరినుండి మరియొకరికి చేరదు.

అడుగువాడు మొదట తాను కొంత శ్రమపడవలెను. “అయ్యా! ఈ లెక్క నాకు రాలేదు” అని పుస్తకము చాచిన బాలునికి ఉపాధ్యాయుడు ఎచ్చట మొదలుపెట్టి చెప్పగలడు? “అయ్యా! మూడవ మెట్టువరకు చేసితిని. ఇచ్చట భాగహార మెందులకో తెలియలేదు” అనినచో చిక్కు ఎచ్చట నున్నదో వెంటనే తెలియును. ప్రశ్న నిట్లు స్పష్టముగా కూర్చుకొనునప్పుడు ఒక్కొక్కసారి జవాబు తనంత తానే తోచును.

1913వ సంవత్సరమున శ్రీనివాస రామానుజన్ మద్రాసు ఓడరేవు ట్రస్టులో గుమాస్తాగా నుండెను. ఆ జనవరి 16వ తేదీన ఆయన కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి ఒక లేఖ వ్రాసెను. తానెవరో, ఎంతవరకు చదివెనో దాచక చెప్పి, తాను కనుగొన్న గణిత ఫలితములను జతపరచి, వానిని చూచి సలహా ఇమ్మని కోరెను. హార్డీ ఆ లేఖను, ఎవరో ఎరుగని గుమాస్తా వ్రాసినదని త్రోసివేయలేదు. సహచరుడగు లిటిల్‌వుడ్‌తో కలిసి పరిశీలించి, మరుసటి నెలలోనే బదులు వ్రాసెను. వానిలో కొన్ని ఇదివరకే తెలిసినవనియు, కొన్ని క్రొత్తవియు ముఖ్యములైనవియు ననియు వేరుపరచి చెప్పి, ఉపపత్తులను పంపుమని అడిగెను. 1914లో రామానుజన్ కేంబ్రిడ్జి చేరెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. ఆ లేఖ చదువబడక మూలబడినచో లోకమున కెంత నష్టము కలిగెడిదో యోచింపుడు.

బదులు చెప్పువాడు తనకు తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనవలెను. ప్రశ్నోపనిషత్తులో ఒక చక్కని కథ కలదు. కోసల రాజకుమారుడగు హిరణ్యనాభుడు సుకేశుని యొద్దకు వచ్చి ఒక ప్రశ్న అడిగెను. సుకేశుడు అసత్యమునకు వెఱచి, తనకు తెలియదని చెప్పెను. రాజకుమారుడు మౌనముగా రథమెక్కి వెడలిపోయెను. సుకేశుడు మాత్రము ఆ ప్రశ్నను మరువక, తరువాత పిప్పలాద మహర్షి నడిగి సమాధానము పొందెను.

నేను ఉపాధ్యాయుడనైన క్రొత్తలో ఒక బాలుడు ఒక పదమునకు అర్థ మడిగెను. తెలియదనుటకు సిగ్గుపడి తోచినది చెప్పితిని. ఆ రాత్రి నిఘంటువు చూడగా నా మాట తప్పని తేలినది. మరునాడు తరగతిలో ఆ తప్పు నొప్పుకొంటిని. అప్పుడు నాకు గౌరవము తగ్గలేదు. పైగా బాలురు మునుపటికంటె నిర్భయముగా సందేహములు అడుగసాగిరి.

తోటివాడు అడిగిన ప్రశ్న ఎంత చిన్నదైనను నవ్వరాదు. ఒకసారి నవ్వులపాలైనవాడు మరల నోరు విప్పుటకు జంకును. బదులు పొందినవాడు కృతజ్ఞత తెలుపుటయే గాక, తాను నేర్చినదానిని అడిగినవారికి విసుగక చెప్పవలెను. నేడు అడుగువారే రేపు చెప్పవలసినవారు.