మోకాలు మరిచిన పాఠం

లిగమెంటు ఆపరేషన్‌తో కీలు గట్టిపడుతుంది. కాలు ఎక్కడ పడుతోందో తెలిసే జ్ఞానం మాత్రం సాధనతోనే తిరిగొస్తుంది

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల హోరు మధ్య తెలుగు మాటలు వినిపించడం కొత్తేమీ కాదు. వరంగల్, నల్గొండ, కరీంనగర్ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు అక్కడ ఏనాడో స్థిరపడ్డాయి. మగ్గాల నడుమ ఇరుకు సందులు, 12 గంటల షిఫ్టు. కళ్లు దారాల మీద, చేతులు తెగిన పోగు మీద ఉంటాయి. అడుగు ఎక్కడ పడుతోందో చూసుకునే తీరిక ఉండదు. ఆ సంగతి మోకాలే చూసుకోవాలి.

లిగమెంటు తెగిన మోకాలికి అది చేతకాదు. ఆపరేషన్ అయ్యాక కూడా చాలాకాలం చేతకాదు. రోగులు తరచూ విస్మరించేది దీన్నే.

మోకాలి లోపల తొడ ఎముకను కింది ఎముకతో కలిపే బలమైన పట్టీల్లో ఒకటి యాంటీరియర్ క్రూషియేట్ లిగమెంటు, క్లుప్తంగా ఏసీఎల్. బైకు మీద నుంచి పడినప్పుడో, కబడ్డీలో పాదం నేలకు అతుక్కుని ఒళ్లు మెలితిరిగినప్పుడో అది తెగుతుంది. ఎముకలను పట్టి ఉంచడంతోపాటు దానికి మరో పనీ ఉంది. అందులోని నాడుల కొసలు కీలు ఎంత వంగింది, ఎటు తిరిగింది అన్న కబురును ఎప్పటికప్పుడు వెన్నుపాముకు, మెదడుకు చేరవేస్తాయి. ఈ లోపలి ఎరుకకు బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ 1906లో ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టారు. కళ్లు మూసుకుని కూడా ముక్కును వేలితో తాకగలుగుతున్నామంటే దాని చలవే.

ఆపరేషన్‌లో సర్జన్లు సాధారణంగా తొడ వెనక కండరం నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో టెండన్ తీసి కొత్త పట్టీగా అమరుస్తారు. కీలు నిలబడుతుంది కానీ ఆ ముక్క వెంటనే కబుర్లు పంపలేదు. ఆ లోటును మెదడు చాలావరకు కళ్లతో పూడ్చుకుంటుంది. అందుకే పట్టపగలు నిక్షేపంగా నడిచే మనిషి కరెంటు పోయిన మెట్ల మీద తడబడొచ్చు.

దీనికి మందు సాధనే. డాక్టరు సరేనన్నాక మొదట గోడ పక్కన ఒంటికాలిపై నిలబడాలి. అది కుదిరాక కళ్లు మూసుకుని, ఆ తర్వాత మడతపెట్టిన బొంత మీద. చివరి దశలో బంతి అందుకోవడం, దిశ మార్చడం, గెంతడం. కండరాలు, చర్మం, కీలు చుట్టూ ఉన్న పొరలోని నాడులు క్రమంగా పాత పట్టీ పనిని పంచుకుంటాయి.

ఖర్చు తక్కువే, కావలసిందల్లా సమయం. చిక్కంతా అక్కడే. మరమగ్గం కార్మికుడి కూలి మీటర్ల లెక్కన ఉంటుంది. మగ్గం ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. నొప్పి తగ్గగానే పనికి పరుగెత్తాలనిపించడం సహజం. క్రీడాకారులపై నార్వేలో జరిగి 2016లో వెలువడిన అధ్యయనం మాత్రం హెచ్చరిస్తోంది: తొమ్మిది నెలల వరకు ఆట ఎంత ఆలస్యం చేస్తే, ఒక్కో నెలకు మళ్లీ గాయపడే ప్రమాదం సగం చొప్పున తగ్గింది. సకల వసతులూ ఉన్న క్రికెటర్ రిషభ్ పంత్ సైతం 2022 డిసెంబర్ నాటి కారు ప్రమాదం, మోకాలి లిగమెంట్ల ఆపరేషన్ తర్వాత 2024 మార్చిలో గానీ మైదానంలోకి రాలేదు.

ఒంటికాలితో గెంతిన దూరం బాగున్న కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉందా అని ఫిజియోథెరపిస్టులు చూస్తారు. మగ్గం దగ్గరికి తిరిగి వెళ్లే వాళ్లు దానికి మరో ప్రశ్న చేర్చుకోవచ్చు: కిందికి చూడకుండా, ఒంటికాలిపై ఎంతసేపు నిలబడగలను?