ఇంగ్లీషు క్రియలూ వాటి తోకలూ

పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే అభ్యర్థులు ఇంగ్లీషు జాతీయాల పట్టికలను కంఠస్థం చేయడంలో చూపే శ్రద్ధను ఫ్రేజల్ వెర్బుల మీద అంతగా చూపరు. నిత్యవ్యవహారంలో అడుగడుగునా ఎదురయ్యేవి మాత్రం ఈ రెండో కోవకు చెందినవే. విడివిడి పదాల అర్థాలతో నిమిత్తం లేకుండా మొత్తం పదబంధానికి వాడుకలో స్థిరపడిన అర్థం ఉంటే దానిని జాతీయం అంటారు. ‘నీళ్ళు నమలడం’ అన్నప్పుడు చెప్పలేక తటపటాయించడమనే భావం తెలుగువారికి తోచినట్లే, ‘స్పిల్ ద బీన్స్’ అన్నప్పుడు రహస్యం బయటపెట్టడమనే భావం ఇంగ్లీషువారికి తోస్తుంది. ఫ్రేజల్ వెర్బులో ఒక మామూలు క్రియ పక్కన అప్, ఆఫ్, అవుట్ వంటి చిన్న పదం తోకలా చేరి, రెండూ ఒకే క్రియగా పనిచేస్తాయి. ‘పుట్’ అంటే పెట్టడం కాగా, ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, ‘పుట్ అవుట్’ అంటే మంటను ఆర్పడం, ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం.

ఈ క్రియలు పరభాషీయులను అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెడతాయని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే గుర్తించాడు. ఫ్రేజల్ వెర్బు అనే పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1925లో వెలువడిన లోగన్ పియర్సల్ స్మిత్ గ్రంథం ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ ద్వారా ప్రచారంలోకి వచ్చింది. తెలుగు విద్యార్థికి బడిలోనూ ఆఫీసులోనూ ముందుగా పరిచయమయ్యేవి పోస్ట్‌పోన్, టాలరేట్, ఎక్స్‌టింగ్విష్ వంటి లాటిన్ మూలం గల మాటలు. అవి ఉత్తరప్రత్యుత్తరాలకు చక్కగా సరిపోతాయి గాని, ఇంగ్లీషు మాతృభాషగా గలవారు ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు వాటి చోట పైన చెప్పిన ‘పుట్’ రూపాలనే వాడతారు. సంపాదకీయాన్ని తడుముకోకుండా చదివే పాఠకుడు అదే భాషలోని సినిమా సంభాషణ దగ్గర తడబడటానికి ఉచ్చారణతో పాటు ఇదీ ఒక ముఖ్య కారణం.

తోక పదాలు అర్థం లేకుండా వచ్చి అతుక్కున్నవి కావు. ‘ఈట్ అప్’, ‘డ్రింక్ అప్’, ‘యూజ్ అప్’ అనే మాటల్లో ‘అప్’ పైకి అనే దిక్కును గాక పని పూర్తికావడాన్ని తెలుపుతుంది. తెలుగులో ఆ పని ‘వేయు’ అనే సహాయక క్రియ చేస్తుంది గనుక తినేయడం, తాగేయడం, వాడేయడం అంటాము. కర్త పూనుకొని చేయకుండా దానంతటదే జరిగిపోయే మార్పు అయితే ‘పోవు’ చేరి, ‘డ్రై అప్’ అన్నది ఎండిపోవడం అవుతుంది. ఇంగ్లీషు ఒకే ‘అప్’తో సరిపెట్టుకున్న చోట తెలుగు రెండు క్రియలను వాడి సకర్మక, అకర్మక భేదాన్ని కూడా చూపుతుంది. ఇదే విధంగా ‘ఆన్’ పని కొనసాగడాన్ని సూచిస్తుంది గనుక ‘క్యారీ ఆన్’, ‘రీడ్ ఆన్’, ‘డ్రైవ్ ఆన్’ అన్నవి ఆపకుండా సాగించడమనే ఒకే అర్థఛాయలో ఇముడుతాయి. అందువల్ల ‘గెట్’తో వచ్చే రూపాలన్నిటినీ ఒక వరుసలో రాసుకుని వల్లెవేయడం కన్నా, ఒకే తోకతో ఒకే భావాన్నిచ్చే క్రియలను కలిపి నేర్చుకోవడం మేలు. ఈ పద్ధతికీ హద్దులున్నాయి: మానుకోవడమనే అర్థంలోని ‘గివ్ అప్’, నిఘంటువులో మాట వెతకడమనే అర్థంలోని ‘లుక్ అప్’ ఏ సూత్రానికీ సులువుగా లొంగవు గనుక వాటిని వాక్యాలతో సహా గుర్తుపెట్టుకోవలసిందే.

అర్థం తెలిసినా పదక్రమం దగ్గర తప్పు దొర్లవచ్చు. ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’ అన్నా ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ అన్నా ఒప్పే గాని, మీటింగ్ స్థానంలో ‘ఇట్’ అనే సర్వనామం వస్తే ‘పుట్ ఇట్ ఆఫ్’ మాత్రమే సరైనది. బాగోగులు చూసుకోవడమనే అర్థం గల ‘లుక్ ఆఫ్టర్’ను మాత్రం విడదీయడానికి వీల్లేదు, నామవాచకమైనా సర్వనామమైనా ‘ఆఫ్టర్’ తరువాతే రావాలి.

చెకప్, పికప్, లాకప్, బ్రేకప్ అనే మాటల రూపంలో ఈ క్రియల సంతానం తెలుగు వాడుకలో ఎప్పుడో కలిసిపోయింది. అయితే ఇక్కడ స్థిరపడిన అర్థమే అంతటా చెల్లుతుందని అనుకోరాదు. చదువు పూర్తిచేసిన ఏడాదిని చెప్పేందుకు ‘పాసౌట్’ అనడం మన కాలేజీల్లో మామూలే. అమెరికాలో చేరిన విద్యార్థి ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అంటే మాత్రం స్పృహ తప్పి పడిపోయానని చెప్పినట్లవుతుంది. సైనిక శిక్షణ ముగింపును తెలిపే బ్రిటిష్ వాడుకలో ఆ మాటకు మన అర్థం ఉంది గనుక, పాసింగ్ అవుట్ పరేడ్ అనడంలో చిక్కు లేదు. కష్టాన్ని తట్టుకోవడానికి ‘కోప్ విత్’ చాలినా, భారతీయ ఇంగ్లీషు దాని మధ్యలో ఒక అక్కరలేని ‘అప్’ను చేర్చుకుంది.

జాతీయాల విషయంలో అర్థం గ్రహించగలిగితే తొలిదశలో చాలు. సొంతంగా వాడటానికి తొందరపడనక్కరలేదు. గైడు పుస్తకాలు ఇప్పటికీ విడవని ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ నేటి ఇంగ్లీషువారి నోట అరుదుగానే వినిపిస్తుంది. ‘కిక్ ద బకెట్’ అంటే చనిపోవడమే అయినా అందులో వేళాకోళం ధ్వనిస్తుంది గనుక సంతాప సందేశంలో అది ఘోరమైన అపచారం. పైగా దానిని కర్మణి వాక్యంగా మారిస్తే బకెట్టును ఎవరో తన్నారన్న అర్థమే మిగులుతుంది. దీనికి భిన్నంగా, ప్రభుత్వ కాగితాల కట్టలకు చుట్టిన ఎర్ర నాడా నుంచి పుట్టిన ‘రెడ్ టేప్’ గంభీరమైన రచనలోనూ ఇముడుతుంది, తెలుగు పత్రికల్లో రెడ్ టేపిజంగా కూడా నిలిచింది.

ఇటువంటి వివరాల కోసం సాధారణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కన్నా అభ్యాసకుల కోసమే కూర్చిన నిఘంటువు ఎక్కువ ఉపకరిస్తుంది. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ మరో ఇద్దరితో కలిసి రూపొందించగా 1942లో టోక్యోలో అచ్చయిన నిఘంటువే తరువాత ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీగా ప్రసిద్ధి చెందింది. అందులో ఫ్రేజల్ వెర్బులను ఆయా క్రియల కింద ఇచ్చే వివరణ చివర వేరుగా ఇస్తారు. ‘పుట్ సమ్‌థింగ్ ఆఫ్’ అని మధ్యలో ‘సమ్‌థింగ్’ కనిపిస్తే ఆ క్రియను విడదీయవచ్చనీ, ‘లుక్ ఆఫ్టర్ సమ్‌బడీ’ అని చివర ‘సమ్‌బడీ’ ఉంటే విడదీయరాదనీ గ్రహించాలి.