మళ్లీ వస్తుందా?

భూమి ఊగి ఆగిన మరుక్షణం జనం నోట వచ్చే మాట ఇదే. 2015 ఏప్రిల్ 25, శనివారం మధ్యాహ్నం కావస్తుండగా నేపాల్‌లోని గోర్ఖా జిల్లాలో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ అక్కడికి దాదాపు 700 కిలోమీటర్లు. అయినా ఆ ఊపు బెంగాల్ అంతటా తెలిసింది.

హిమాలయం కిందికి ఏటా సుమారు రెండు సెంటీమీటర్లు తోసుకుపోతున్న భారత ఫలకం ఎక్కడో బిగుసుకుపోతుంది. ఆ బిగువు ఆరోజు తెగింది. పగులు నిమిషం లోపే కాఠ్మాండూ కిందుగా తూర్పుకు 140 కిలోమీటర్ల వరకూ పాకింది. సుమారు తొమ్మిది వేల మంది చనిపోయారు.

తర్వాత వచ్చే ప్రకంపనలు రోజురోజుకూ తగ్గుతాయని 1894లోనే జపాన్ శాస్త్రవేత్త ఒమోరి లెక్కగట్టాడు. మొదటి రోజు వంద వస్తే, పదో రోజుకు పది. వాటిలో పెద్దది కూడా అసలు భూకంపం కన్నా ఒక పాయింటుకు పైగా తక్కువ ఉంటుందని మరో అంచనా. ఆ ప్రకారం గోర్ఖాలో 6.6 దగ్గర ఆగాలి. మొదటి రెండు రోజుల్లో ఆ స్థాయివే వచ్చాయి. జనం కాస్త ఊపిరి పీల్చుకున్నారు. మే 12న 7.3 వచ్చింది! మొదటి పగులు ఎక్కడ ఆగిందో సరిగ్గా ఆ తూర్పు కొసన. సగటు లెక్క ఎవరికీ హామీ కాదు. బీటలిచ్చిన ఇంట్లోకి ఇంజినీరు చూడకుండా తిరిగి వెళ్లొద్దని అనేది అందుకే.

తీవ్రత అంకె ఒక్కటే చూసినా మోసపోతాం. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చింది 6.2. గోర్ఖాలో వెలువడిన శక్తిలో ఇది రెండు వందల యాభయ్యో వంతు. మృతులు మాత్రం పదివేలకు దగ్గర. పగులు ఊళ్ల కిందనే, పది కిలోమీటర్ల లోతు కూడా లేదు. వినాయక నిమజ్జనం చేసి వచ్చి ఆదమరచి నిద్రపోతున్న వాళ్ల మీద రాతి గోడలు, బరువైన మట్టి మిద్దెలు కూలాయి. అంతకు ముందు ఏడాదే అక్కడ చిన్నచిన్న ప్రకంపనలు వచ్చాయి. అప్పటి భూకంప పటంలో మాత్రం అది అతి తక్కువ ముప్పున్న ప్రాంతం. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ తర్వాత అక్కడ బోరు వేసింది. 338 మీటర్ల నల్లరాతి పొర దాటాకే ప్రాచీన శిల తగిలింది. దక్కన్ రాయి గట్టిది, కదలదన్న ధీమా కిల్లారితో పోయింది.

ఖరగ్‌పూర్‌కూ ఈ పాఠం వర్తిస్తుంది. ఇక్కడి ఐఐటీలో శంకర్ కుమార్ నాథ్ బృందం కోల్‌కతా నేలను పేటపేటగా పరిశీలించి భూకంప ముప్పు పటం గీసింది. మెత్తటి ఒండ్రు మీద ఊపు పెరుగుతుంది. ఖరగ్‌పూర్‌ది చాలావరకు ఎర్రమొరం నేల, కొంత నయమే. కానీ నేల నయమైతే గోడ గట్టిదైపోదు. ఇక్కడి మథురాకాటి, నింపురా లాంటి చోట్ల పాత ఇటుక ఇళ్లలో మూడు నాలుగు తరాల తెలుగు కుటుంబాలు కాపురాలు చేశాయి. వాటి గోడలనూ, పైకప్పులనూ ఒక్కొక్కటిగా పరీక్షించే పని ప్రకంపన లేని రోజుల్లోనే మొదలుపెట్టాలి. అందుకు కావలసిన చదువు ఊళ్లోనే ఉంది.