ముగ్గు పోసే ముందే నీటిదారి

ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చి 11న మొదలైంది భద్రాచలంలోనే. ఐదు లక్షల సాయంలో తొలి లక్ష బేస్‌మెంట్ లేచాకే చేతికొస్తుంది. అందుకే ముగ్గు పోసిన మర్నాటి నుంచీ ఇంటిల్లిపాది చూపూ బేస్‌మెంట్ మీదే. కారేపల్లి దాటి ఇల్లెందు వైపు, అడవి అంచున వాలు నేలలో కట్టే ఇళ్లకు మాత్రం ఈ తొందర చేటు. అక్కడ ముందు తేల్చుకోవాల్సింది నీళ్ల సంగతి. పెద్ద వాన పడుతుండగా గొడుగేసుకుని స్థలంలో నిలబడితే, నీళ్లు ఎటు నుంచి దిగుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో ఇట్టే తెలుస్తుంది. ఎండాకాలంలో కట్టేవాళ్లకు మేస్త్రీ దగ్గరుండే లెవెల్ పైపు ఉండనే ఉంది.

చదరపు మీటరు నేల మీద మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. రెండు వందల గజాల స్థలమంటే సుమారు 167 చదరపు మీటర్లు. పది సెంటీమీటర్ల వాన పడితే 16,700 లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు నిండి ఇంకా మిగులుతాయి. పైనున్న చేలోంచి దిగేది దీనికి అదనం. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలు మునిగాక, జిల్లాలో పది సెంటీమీటర్లను ఎవరూ పెద్ద వానగా లెక్కపెట్టడం లేదు.

ఆ పై నీళ్లను ఇంటిదాకా రానివ్వకుండా ఎగువనే అడ్డంగా ఒక కాలువ తీయాలి. మరీ మట్టంగా తీస్తే నిలిచి ఇంకుతుంది. వందడుగులకు అడుగు చొప్పున పల్లం ఇచ్చి, ఇంటి పక్కగా తిప్పి దిగువకు వదలాలి. వెడల్పుగా, లోతు తక్కువగా తీసి గడ్డి పెంచితే మట్టి కోసుకుపోదు. ఈ పనికి భూమిలో పైపు వేయమంటారు కొందరు. టేకు అడవి పక్కన అది తెలివైన పని కాదు, నాలుగు ఆకులు చాలు దాని నోరు మూయడానికి. గోడల చుట్టూ మాత్రం మొదటి పదడుగుల్లో ఆరంగుళాల వాలు బయటికి ఉండాల్సిందే.

ఇక వాస్తు. ఈశాన్యం పల్లంగా ఉండాలని, దక్షిణానికి వాలిన స్థలంలో టిప్పర్ల కొద్దీ మొరం తోలించి వాలునే తిప్పేస్తారు. నమ్మకం ఎవరిది వాళ్లది. కానీ వదులుగా పోసిన మట్టి రెండు వానలకు కుంగుతుంది, గచ్చు పగులుతుంది. పైగా ఎగువ నీళ్లకు ఆ దిబ్బ అడ్డుపడి, తడి గోడలకెక్కుతుంది. నింపక తప్పకపోతే అరడుగు అరడుగు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టించాలి. వాస్తు కోసం వాకిలి వాలు మార్చుకోవచ్చు గానీ, గుట్ట మీది నీళ్లకు ఆ లెక్క పట్టదు కదా!

మట్టిని ఆపేందుకు కట్టే గోడ చాలాసార్లు కూలేది మట్టి బరువుకు కాదు, వెనక చేరిన నీళ్ల తోపుకు. ఐదడుగుల గోడ వెనక నీళ్లు నిండా నిలిస్తే మీటరు పొడవుకు టన్నుకు పైగా ఒత్తిడి పడుతుంది. గోడ వెనక కంకర నింపి, అడుగున వరసగా పైపు ముక్కలు పెట్టి నీళ్లు బయటికి రానిస్తే ఆ తోపు ఉండదు. అందం చెడుతుందని ఆ రంధ్రాలను ప్లాస్టరింగుతో మూసేవాళ్లున్నారు. అంతకంటే గోడ కట్టకపోవడమే నయం.

ఇంకుడు గుంత ఇంటికి దిగువనే ఉండాలి. ఎగువన తవ్వితే ఆ నీళ్లు తిన్నగా పునాదిలోకే. ఎర్ర చల్క నేలలో బాగా ఇంకుతుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బి నీటిని ఇంకనివ్వదు కాబట్టి, అక్కడ గుంత నిండితే నీళ్లు పొర్లిపోయే దారి కూడా చూడాలి.

మొక్కల్లో నా ఓటు వట్టివేరుకు. పక్కలకు పాకకుండా వేళ్లు మూడు మీటర్ల దాకా నిలువుగా దిగుతాయి. వాలుకు అడ్డంగా ఒత్తుగా నాటితే మట్టి ఆగుతుంది, నీళ్లు వడగట్టుకుపోతాయి. నేలకోతకు విరుగుడుగా 1980ల్లో ప్రపంచ బ్యాంకు ప్రచారం చేసిన ఈ గడ్డి మనదే.

ఇంతా చేసి నీళ్లను ఎక్కడ వదులుతామన్నది మిగులుతుంది. ఎగువ నేల మీద పడ్డ వాన సహజంగా దిగువకు పారడాన్ని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం పై యజమాని హక్కుగానే చూసింది. అలాగని నీళ్లన్నీ ఒక్క కాలువకు మళ్లించి కిందివాళ్ల గోడ మీదికి వదిలితే అది సహజ ప్రవాహం కాదు. కాలువ కొస రోడ్డు పక్క కాలువలోకో వాగులోకో కలిసేలా చూసుకోవాలి. దారి మధ్యలో వాళ్ల స్థలం ఉంటే, కూలీలను పిలిచే ముందే వాళ్లతో మాట్లాడుకోవాలి.