పెద్ద బంతి తేలికని ఎవరన్నారు?

ఉండి, ఆకివీడు, గణపవరం చుట్టుపక్కల చేలూ చేపల చెరువులూ పోగా మిగిలిన జాగాలో ఓ హైస్కూలుకు ఎంత ఆటస్థలం దక్కుతుందో ఆ ప్రాంతం తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. బేస్‌బాల్ పూర్తి కొలతలతో ఆడాలంటే బ్యాటర్ దగ్గరుండే హోమ్ ప్లేట్ నుంచి అవతలి కంచె దాకా దాదాపు వంద మీటర్లు, నడిమధ్యన అంతకంటే ఎక్కువే కావాలి. సాఫ్ట్‌బాల్‌కి అరవై, అరవై ఏడు మీటర్లు చాలు. బేసుల మధ్య దూరం కూడా బేస్‌బాల్‌లో 27.43 మీటర్లయితే ఇక్కడ 18.29. పాఠశాల క్రీడల సమాఖ్య జాబితాలో రెండు ఆటలూ ఉన్నా, బడి ఆవరణలో ఇమిడేది మాత్రం సాఫ్ట్‌బాలే. అంపైర్ల దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా ఎవరికీ పట్టదు. బడుల మధ్య జరిగే గ్రిగ్ పోటీల నుంచి పై స్థాయి దాకా మాస్కు తగిలించుకుని నిలబడేది ఎక్కువగా మన డ్రిల్లు మాస్టార్లే. బేస్‌బాల్ తెలిసినవాడికి సాఫ్ట్‌బాల్ ఓ లెక్కా, బంతి పెద్దది, వేగం తక్కువ, కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు అనే మాట ఈ ఆటల చుట్టూ ఎప్పుడూ వినబడుతూనే ఉంటుంది. ఆ మాట తప్పు. ప్లేట్ వెనక ఇవి రెండు వేరువేరు పనులు. సాఫ్ట్‌బాలే ఎక్కువ ఆడే చోట దాన్ని బేస్‌బాల్‌కి తోకలా కాక, విడిగా, ముందుగా నేర్పాలి.

క్రికెట్టే తెలిసిన పాఠకుల కోసం ముందొక మాట. క్రికెట్ అంపైర్ బౌలర్ వైపు నిలబడతాడు; బంతి అతని దగ్గర్నుంచి దూరంగా వెళ్తుంది. అప్పీలు లేకపోతే చాలా బంతులకి నోరు విప్పే పని కూడా ఉండదు. ప్లేట్ అంపైర్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. క్యాచర్ వెనక మోకాళ్లు వంచి ఉంటాడు, బంతి నేరుగా అతని మొహం మీదికే వస్తుంది. బ్యాటర్ ఆడకుండా వదిలేసిన ప్రతి బంతికీ అది స్ట్రైకో బాలో వెంటనే చెప్పి తీరాలి. కొలబద్ద గాల్లో ఉంటుంది. 43 సెంటీమీటర్ల వెడల్పున్న ప్లేటు మీద, బ్యాటర్ మోకాళ్ల దగ్గర్నుంచి ఛాతీ దాకా ఊహించుకోవాల్సిన పెట్టె అది; బంతి దాని గుండా పోతే స్ట్రైకు, లేకపోతే బాల్. పై గీత, కింద గీత సరిగ్గా ఎక్కడన్నది ఒక్కో నిబంధనల పుస్తకంలో కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పొట్టి పిల్ల తర్వాత పొడుగు పిల్ల వస్తే పెట్టె మళ్లీ కట్టుకోవాలి.

ఇక వేగం సంగతి. బేస్‌బాల్ పిచ్చర్ 18.44 మీటర్ల దూరం నుంచి, 25 సెంటీమీటర్ల ఎత్తు దిబ్బ మీద నిలబడి విసురుతాడు. మహిళల ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్‌లో ఆ దూరం 13.11 మీటర్లే, దిబ్బ ఉండదు. విసిరేటప్పుడు ముందుకు వేసే అంగ వల్ల రెండింట్లోనూ దాదాపు రెండేసి మీటర్లు తగ్గుతాయి. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బేస్‌బాల్‌కి మిగిలిన దూరం దాటడానికి సుమారు 0.4 సెకను పడుతుంది. గంటకు 100 కిలోమీటర్లతో వచ్చే సాఫ్ట్‌బాల్‌కీ అంతే పడుతుంది. స్పీడ్ గన్ మీద అంకె మూడింట రెండు వంతులే కనిపిస్తుంది గాని, అంపైర్‌కి దొరికే వ్యవధిలో తేడా లేదు. బంతి పెద్దదన్న మాట నిజమే. సాఫ్ట్‌బాల్ చుట్టుకొలత 30 సెంటీమీటర్ల పైన, అంటే ఓ పెద్ద బత్తాయంత. బేస్‌బాల్ 23 సెంటీమీటర్లు. కానీ ఈ పెద్దతనమే ఓ చిక్కు తెస్తుంది. బంతి అంచు ప్లేటు మీది గాలిని రాసుకుపోయినా స్ట్రైకే కాబట్టి, వ్యాసం పెరిగినకొద్దీ చెల్లుబాటయ్యే వెడల్పూ పెరుగుతుంది. బంతి నడిబొడ్డును బట్టి లెక్కవేస్తే బేస్‌బాల్‌లో ఆ వెడల్పు సుమారు 50.6 సెంటీమీటర్లు, సాఫ్ట్‌బాల్‌లో 52.9. రెండు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. చిన్న బంతికి అలవాటుపడిన కన్ను ఆ రెండు సెంటీమీటర్లనే పిచ్చర్ దగ్గర్నుంచి లాగేసుకుంటుంది.

అసలు తేడా మాత్రం బంతి నడిచే దారిలో ఉంది. బేస్‌బాల్ మనిషి తల దగ్గర చేతిలోంచి బయల్దేరి కిందికి వాలుతూ వస్తుంది. ముందంచు దగ్గర మోకాలి ఎత్తులో ప్లేటు మీదుగా పోయిన బంతి క్యాచర్ గ్లోవ్‌లో పడేసరికి ఇంకా కిందికి దిగిపోయి ఉంటుంది. గ్లోవ్‌ను చూసి తీర్పు చెప్పేవాడు మంచి స్ట్రైకును బాల్ చేస్తాడు. అందుకే అక్కడ తగాదాలు ఎక్కువగా కింది గీత దగ్గరే. సాఫ్ట్‌బాల్ పిచ్చర్ చేతిని గాలిమరలా గుండ్రంగా తిప్పి తుంటి పక్కనుంచి వదులుతుంది. రైజ్‌బాల్ అక్కణ్నుంచి బయల్దేరి ఛాతీ దాకా ఎక్కుతుంది. పేరు రైజ్‌బాలే గాని, భూమ్యాకర్షణ ఊరుకోదు. ప్లేటు దగ్గరికి వచ్చేసరికి బంతి పైకి ఎక్కడం మానేసి దాదాపు సమంగా సాగుతుంది. దారి పొడవునా ఎక్కుతూ కనిపించిన బంతి ఇంకా ఎక్కుతుందనే కన్ను నమ్ముతుంది. దాంతో ఛాతీ గీత లోపల పడిన బంతిని ‘హై’ అనేసే ప్రమాదం ఉంది. ఒక ఆటలో కింద పొరపాటు పడేవాడు రెండో ఆటలో పైన పడతాడన్న మాట. ఏ గీత మీద కన్ను గట్టిగా పెట్టాలో, తల ఎంత ఎత్తులో ఉంచాలో, ఎంతసేపు ఆగి నోరు విప్పాలో ఒక ఆట అలవాటు రెండో ఆటలో పనికిరాదు.

బడి పిల్లల్లో నిజమైన రైజ్‌బాల్ వేసేవాళ్లు ఎందరుంటారు, ఇంత వివరం వాళ్లకెందుకు అని అడగొచ్చు. ప్రశ్న సబబే. నేర్చుకుంటున్న పిల్ల చేతి కింద నుంచి వేసిన బంతి నెమ్మదిగా లేచి, నిటారుగానే కిందికి దిగుతుంది. ముందంచు దగ్గర ఛాతీ ఎత్తులో ఉన్నది క్యాచర్ చేతికి మోకాలి దగ్గర అందుతుంది. ఒకే మ్యాచిలో ఒక జట్టు పిచ్చర్ ఇలా, రెండో జట్టు పిచ్చర్ చదునుగా వేస్తే అంపైర్ ప్రతి అర ఇన్నింగ్స్‌కీ కన్ను మార్చుకోవాలి. పై స్థాయికంటే ఇది కష్టం గాని తేలిక కాదు. పైగా రాష్ట్ర స్థాయిలో ఆడినట్టు దొరికే సర్టిఫికెట్టు స్పోర్ట్స్ కోటాలో పనికొచ్చే కాగితం కాబట్టి, ఇక్కడ ఒక్క తప్పు తీర్పు కూడా పిల్లలకి నష్టం తేవొచ్చు.

కళ్లు బంతి మీదే ఉంటే చాలదు, కాళ్లనూ చూడాలి. బేస్‌బాల్‌లో రన్నర్ బేసు వదిలి ముందే నాలుగడుగులు జరిగి ఉంటాడు కాబట్టి పిచ్చర్ అతన్ని మోసగించకుండా చూసే బాక్ నిబంధన పెద్దది. సాఫ్ట్‌బాల్‌లో బంతి చేయి దాటేదాకా రన్నర్ బేసు వదలకూడదు. ఇక్కడ చూడాల్సింది పిచ్చర్ పాదం: పిచింగ్ ప్లేటు నుంచి తోసుకుని, ముందు నేలమీద ఆని, మళ్లీ అక్కణ్నుంచి తోసుకుందా అని. రెండో అంపైర్ ఉంటే ఆ పని అతనిది. లేకపోతే వదిలే చేతినీ, ఆనే కాలినీ ఒకేసారి పట్టుకోవాల్సింది ప్లేట్ అంపైరే. ఇంకొకటి, అచ్చంగా సాఫ్ట్‌బాల్‌దే అనదగ్గది, స్లాప్ కొట్టడం. ఎడమచేతి బ్యాటర్ బంతి వస్తుండగానే తను నిలబడే పెట్టెలో పరుగు మొదలెట్టి, పరిగెడుతూనే బంతిని తాకించి ఫస్ట్ బేస్ వైపు దూసుకుపోతుంది. బ్యాటు బంతికి తగిలిన క్షణాన ఆమె పాదం పూర్తిగా గీత అవతల నేలకి ఆని ఉంటే ఔట్. బ్యాటర్ పెట్టె 2.13 మీటర్ల పొడవు, 0.91 మీటర్ల వెడల్పు. సున్నంతో గీసిన ఆ గీతలు నల్లరేగడి దుమ్ములో ఇద్దరు ముగ్గురు బ్యాటర్లు తొక్కేసరికే చెరిగిపోతాయి. లేని గీతను మనసులో ఉంచుకుని, తగిలిన బంతినీ ఆనిన పాదాన్నీ కలిపి చూసి, ఆ వెంటనే బంతి ఫెయిరా ఫౌలా చెప్పి, మాస్కు ఎడమచేత్తో తీసి రన్నర్ వెనక కదలాలి. ఆమె బేసు చేరడానికి మూడు సెకన్లయినా పట్టకపోవచ్చు.

సాఫ్ట్‌బాల్ నుంచి బేస్‌బాల్‌కి వెళ్లినవాళ్లు లేరా అంటారేమో. ఉన్నారు. 2025 ఆగస్టులో అమెరికా మేజర్ లీగ్‌లో అంపైర్‌గా నిలబడిన తొలి మహిళ జెన్ పావోల్ కాలేజీలో సాఫ్ట్‌బాల్ క్యాచర్, ఆ తర్వాత కాలేజీ సాఫ్ట్‌బాల్ మ్యాచులకు అంపైర్. ఆమెను చూపించి రెండూ ఒకటే అనడం సులువు. కానీ ఆ అనుభవమంతా ఉన్నా ఆమె బేస్‌బాల్ శిక్షణలో చేరి 2016 నుంచి కింది లీగుల్లో దాదాపు పదేళ్లు పనిచేశాకే పై మెట్టు ఎక్కింది. నిబ్బరం, గొంతు, ఆటను చదివే తీరు ఒక ఆట నుంచి ఇంకో ఆటకి వస్తాయి. కన్ను మాత్రం మళ్లీ మొదటి నుంచి అలవాటు పడాలి. యంత్రాలు వచ్చేస్తున్నాయి కదా అన్నది ఇంకో వాదన. కొరియా లీగ్ 2024 నుంచి స్ట్రైకులూ బాల్సూ కెమెరాలకే అప్పగించింది. అమెరికా 2026 సీజన్‌కి, అంపైర్ మాటను సవాలు చేస్తే యంత్రాన్ని అడిగే పద్ధతి తెచ్చింది. ఆ కెమెరాలు జిల్లా పరిషత్ ఆటస్థలానికి ఎప్పుడొస్తాయన్నది అలా ఉంచితే, వాటి పని గాల్లో పెట్టె వరకే. స్లాప్ కొట్టిన పిల్ల పాదం ఎక్కడ ఆనిందో తేల్చడం మనిషి పనే.

డ్రిల్లు మాస్టార్లకు పెట్టే అంపైరింగ్ తరగతుల్లో నిబంధనల పుస్తకం చదివి వినిపించడానికే సమయం సరిపోతే లాభం లేదు. సాఫ్ట్‌బాల్‌కి ఒక పూట విడిగా కేటాయించి, బ్యాటర్లను ఊరికే నిలబెట్టి, ఇద్దరు ముగ్గురు పిచ్చర్ల చేత రకరకాలుగా వేయించి, ఒక్కో మాస్టారి చేత వంద బంతులకి తీర్పు చెప్పించాలి. పక్కనుంచి సెల్‌ఫోన్‌లో తీసిన వీడియోతో ఆ తీర్పుల ఎత్తును సరిచూడొచ్చు. ఫోన్‌ను ప్లేటు ముందంచుకు సరిగ్గా వరసలో, బ్యాటర్ నడుం ఎత్తులో పెడితే సరి.