జాతరకీ జాతరకీ మధ్య జుట్టు ఎంత పెరుగుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని భోపాల్‌పట్నం నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద రాష్ట్ర సరిహద్దు దాటితే ములుగు జిల్లా వస్తుంది. తెలుగు, దోర్లి, గోండి, హల్బీ కలగలిసి వినిపించే ఆ సరిహద్దు ప్రాంతం వాళ్లు రెండేళ్లకోసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు వచ్చే దారి ఇదే. జంపన్న వాగు దగ్గర తలనీలాలు ఇచ్చి వెళ్లిన మనిషికి మళ్లీ జాతర నాటికి జుట్టు ఎంత పెరుగుతుంది? దాదాపు 24 సెంటీమీటర్లు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఈ లెక్క తేలికే.

చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. ఇదే లెక్కన పుట్టినప్పటి నుంచి కత్తెర తగలని మనిషికి నలభై ఏళ్లు వచ్చేసరికి జడ 5 మీటర్ల దగ్గర ఉండాలి. కానీ చాలామందికి నడుము దాకా వచ్చి ఆగిపోతుంది, కొందరికి భుజాలు దాటడమే కష్టం. పెరిగే వేగంలో మనిషికీ మనిషికీ మరీ పెద్ద తేడా ఉండదు. తేడా అంతా ఒక్కో వెంట్రుక ఎంతకాలం పెరుగుతుందన్న దానిలో ఉంది.

బయటికి కనిపించే వెంట్రుక నిర్జీవమైన కెరాటిన్ పోగు. ప్రాణమున్నది చర్మం లోపలి కుదురుకే. అక్కడి కణాలు విభజన చెందుతూ పోగును పైకి నెడుతుంటాయి. వైద్యులు అనాజెన్ అని పిలిచే ఈ దశ తల మీద సాధారణంగా రెండు నుంచి ఏడేళ్లు సాగుతుంది. ఆపై రెండు మూడు వారాల్లో కుదురు ముడుచుకుని, మూడు నెలల దాకా విశ్రాంతి తీసుకుంటుంది. పాత వెంట్రుక రాలిపోతుంది, అదే కుదురు నుంచి కొత్తది మొదలవుతుంది. ఇప్ప చెట్టు ఎండాకాలం ముందు ఆకులన్నీ రాల్చేసినట్టు తల ఒక్కసారిగా బోడి కాదు. సుమారు లక్ష కుదుళ్లలో దేని గడియారం దానిదే. అందుకే రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు దువ్వెనకు చిక్కినా పలచబడినట్టు తెలియదు.

అనాజెన్ మూడేళ్లున్న వారికి జుట్టు 36 సెంటీమీటర్లకు మించదు. ఏడేళ్లున్నవారికి 84 దాకా వస్తుంది. తిరుమల తలనీలాల వేలంలో 31 అంగుళాలు, ఆపైన ఉన్నదాన్ని మొదటి రకంగా అమ్మేవారు. అంత పొడవు రావడానికి ఆరున్నరేళ్లు పడుతుంది. అన్నేళ్లు ఆగకుండా పెరిగే కుదుళ్లు అందరికీ ఉండవు, ఆ రకానికి ఎక్కువ ధర పలకడానికి అసలు కారణం ఇదే. చైనాకు చెందిన షీ చ్యూపింగ్ జుట్టును 2004లో కొలిచినప్పుడు 5.627 మీటర్లు ఉంది. ఆమె 1973 నుంచి కత్తిరించలేదు. ఆమె కుదుళ్లు కొన్ని మూడు దశాబ్దాలు ఆగకుండా పనిచేశాయన్నమాట. కనుబొమలది దీనికి పూర్తిగా భిన్నమైన లెక్క. వాటి పెరుగుదల నెలా రెండు నెలల్లోనే ఆగిపోతుంది. కుదురుకు ‘ఇక చాలు’ అని సంకేతమిచ్చేవాటిలో ఎఫ్‌జీఎఫ్5 అనే జన్యువు ఒకటి. అందులో లోపమున్న కుటుంబాల వారికి కనురెప్పల వెంట్రుకలు అసాధారణంగా పొడవు పెరుగుతాయని 2014లో వచ్చిన పరిశోధన చూపింది. బొచ్చు పిల్లుల్లోనూ తేడా ఈ జన్యువులోనే. సాధువుల జడలు ఎంతకీ ఆగవనిపించడానికి కారణం వేరు. రాలిన వెంట్రుకలు కిందపడకుండా ఆ అల్లికలోనే చిక్కుకుని ఉంటాయి.

గుండు గీయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకం గోదావరికి రెండు వైపులా ఉంది. మంగలి కత్తి కుదురు దాకా పోదు. మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లోనే గడ్డం గీసి, కొలిచి చూసి తేడా లేదని తేల్చారు. కోసిన వెంట్రుక కొస మొద్దుగా ఉండటంతో చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. నూనె మాత్రం పూర్తిగా వృథా కాదు. కొబ్బరి నూనె పోగు లోపలి ప్రోటీన్‌ను కొంత కాపాడి, చివర్లు తెగకుండా చూస్తుంది. పెరిగింది నిలవడానికి అది పనికొస్తుంది, కుదురు గడియారాన్ని మాత్రం పొడిగించదు.

ఆ గడియారాన్ని కదిలించేవి జబ్బు, కాన్పు, తిండి. బీజాపూర్ మలేరియా ఎక్కువున్న జిల్లా. 2020లో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్’లో ఇదీ ఉంది. తీవ్రమైన జ్వరం వస్తే చాలా కుదుళ్లు ఒకేసారి విశ్రాంతిలోకి వెళతాయి. రెండు మూడు నెలల తర్వాత, జ్వరం సంగతే మరచిపోయాక, జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. బాలింతల్లోనూ ఇలాగే జరుగుతుంది. అప్పుడు నీళ్లను, షాంపూను తిట్టుకుని, ఖరీదైన నూనె కొనేవాళ్లే ఎక్కువ. సుమారు ఆరు నెలల్లో చాలామందికి ఊడటం దానంతటదే తగ్గుతుంది, పేరు నూనెకు దక్కుతుంది. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం మేలు.

తీవ్రమైన ప్రోటీన్ లోపంతో క్వాషియోర్కర్ వచ్చిన పిల్లల్లో, లోపమున్న కాలంలో పెరిగిన జుట్టు రంగు వెలిసి ఎర్రబారుతుంది. తిండి మెరుగుపడ్డాక మళ్లీ నల్లగా వస్తుంది. పొడవాటి జుట్టు మీద అది పట్టీలా కనిపిస్తుంది. నెలకు సెంటీమీటరన్న లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. వెలిసిన పట్టీ కుదురు నుంచి మూడు సెంటీమీటర్ల దూరంలో మొదలైతే, ఆ బిడ్డకు సరైన తిండి అందడం మొదలై సుమారు మూడు నెలలైందన్నమాట.